కాగితపు బొంతలో చెరువు

అరవై తొమ్మిదిని, ప్రత్యేక రాష్ట్రం కోసం గొడవలు జరిగిన ఆ ఏడాదిని తలచుకున్నప్పుడు నినాదాలకంటే ముందు నాకు నిశ్శబ్దం గుర్తొస్తుంది. ఊరేగింపులూ రాళ్లూ పోలీసు వ్యాన్లూ లేక కాదు. వాటి గురించి నా డైరీలో పేజీలకు పేజీలు ఉన్నాయి. కానీ అవన్నీ మలక్‌పేట దాటి మా వైపు వచ్చేసరికి, పక్క వీధిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు పలచబడిపోయేవి. బంద్ పిలుపు ఉన్న రోజున దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు కనిపించేది కాదు. విజయవాడకు పోయే పెద్ద రోడ్డు నడిమధ్యలో మేకలు పడుకుని నెమరు వేసుకునేవి. రోడ్డుకు రెండు వైపులా కొత్తపేట దాకా, ఆ పైన ఎల్.బి. నగర్ అని అప్పుడప్పుడే అనడం మొదలుపెట్టిన చోటు దాకా ద్రాక్ష తోటలు. వాటి పందిళ్ల కింద మిట్టమధ్యాహ్నం కూడా నీళ్లలో మునిగినట్టు పచ్చటి వెలుగు ఉండేది.

నా బి.ఎ. మొదటి సంవత్సరం మధ్యలో కాలేజీ మూతపడింది. చదువుకోవడానికి ఇంతకంటే మంచి కాలం రాదని మొదట్లో లోలోపల సంతోషించాను. ఇంట్లో ఉన్న పుస్తకాలు అయిపోయాయి, చర్చి అలమారలోవి అయిపోయాయి, అడగడానికి మొహమాటపడుతూనే పక్కింటి నుంచి తెచ్చుకున్నవీ అయిపోయాయి. ఆ తర్వాత రోజులు పొడుగయ్యాయి. అమ్మ దవాఖానలో ఆయాగా పనిచేసేది. డ్యూటీ నుంచి వచ్చాక పాత చీరలు ముందేసుకుని బొంతలు కుట్టేది. నేను సూదిలో దారం ఎక్కించి ఇస్తూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేదాన్ని. కాలేజీ మళ్లీ ఎప్పుడు తెరుస్తారో, తెరిచినా నన్ను పంపగలరో లేదో, ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, సరూర్‌నగర్ నుంచి కొత్తపేటకు పోయే దారిలో ఉన్న చిన్న ప్రైవేటు బడి మళ్లీ తెరిచారు. అది ఒక పెంకుటిల్లు. ముందు వరండా, లోపల గదులు, వెనక వాటాలో బడి నడిపే పెద్ద టీచర్ ఉండేవారు. ఆవిడది గుంటూరు వైపు. గొడవల్లో వాళ్ల వాళ్లందరూ వెళ్లిపోదామన్నా ఆవిడ కదల్లేదని చెప్పుకునేవారు. నాలుగో తరగతి చెప్పే టీచర్ మాత్రం భర్తతో కలిసి బెజవాడ వెళ్లిపోయింది. ఆ ఖాళీలోకి, చర్చిలో ఎవరో మా అమ్మకు చెప్పగా, నేను వెళ్లాను.

వెళ్లేటప్పుడు నలుగురిలో నా గొంతు లేవదన్న సంగతి ఆలోచించుకోలేదు. చర్చిలో పాటలకు నేను పెదవులు మాత్రమే కదుపుతాను. బస్సులో నేను దిగాల్సిన చోటు వచ్చినప్పుడు ఆపమని కండక్టర్‌కు చెప్పలేక, మరెవరైనా దిగేదాకా కూర్చుని, ఎల్.బి. నగర్ నుంచి తోటల వెంట వెనక్కి నడిచొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. అలాంటి నడకల్లో మాత్రం నాలో నేను చాలా మాట్లాడుకునేదాన్ని. బళ్లో చేరిన కొత్తలో కూడా పొద్దున ఆ రోజు పాఠమంతా దారిలో పైకి అనుకుంటూ వెళ్లేదాన్ని. గడప దాటి లోపల అడుగుపెట్టి పిల్లల ముఖాలు చూడగానే మాటలు ఆవిరైపోయేవి.

పిల్లలు నెలల తరబడి ఇళ్ల దగ్గర తిరిగినవాళ్లు. చదివింది మర్చిపోయారు, కూర్చోవడం కూడా మర్చిపోయారు. కొత్త పాఠ్యపుస్తకాలు రాలేదు. నేను బోర్డు మీద రాస్తుంటే వెనక యుద్ధం జరిగేది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఇళ్ల పిల్లల్ని ఇక్కడి పిల్లలు గోంగూర అనేవాళ్లు. వాళ్లు వీళ్లని జొన్నరొట్టె అనేవాళ్లు. పెద్దవాళ్ల కోపంలోంచి పిల్లలకు దొరికినవి ఆ రెండు మాటలే. వాటితోనే పొద్దుగూకేదాకా కొట్టుకునేవాళ్లు.

ఒకరోజు పెద్ద టీచర్ గుమ్మంలో నిలబడి "ఏమిటా గోల!" అన్నారు. రోడ్డు మీద పోతున్న సైకిలాయన కూడా దిగి నిలబడ్డాడు, అంత గొంతు ఆవిడది. తరగతి చల్లబడింది. సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"చూడమ్మా, నువ్వు బుద్ధిమంతురాలివే. కానీ నీ గొంతు నాకు వినపడదు, నీ క్లాసు గోల మాత్రం వంటింట్లోకి వినపడుతుంది. క్రిస్మస్ సెలవలకి ముందు ఇన్‌స్పెక్టర్ గారు వస్తారు. ఆ రోజు ఆయన ముందు నిలబడి నువ్వు నోరు విప్పి పాఠం చెప్పాలి. చెప్పలేకపోయావనుకో, నాలుగో తరగతిని నా అయిదో తరగతిలో కలిపేసుకుంటాను. కోపంతో అంటున్నాననుకోకు."

ఆవిడ కోపంతో అనలేదని నాకూ తెలుసు. తల ఊపి వచ్చేశాను. దారిలో తోటల పక్కన నడుస్తుంటే, అంత గోలలోనూ ఆ గది నాకు ఎంత కావలసినదైపోయిందో అప్పుడు తెలిసింది. పొద్దున్నే పలకల మీద తడిబట్ట వాసన, కిటికీ చువ్వల నీడలు పిల్లల వీపుల మీద గళ్లుగా పడటం, నేను ఏం చెబుతానా అని ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం అందరూ ఇటు చూడటం. ఆ క్షణం తర్వాత ఏం చేయాలో నాకు తెలియడం లేదు, అంతే.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను.

"మైకు పెట్టి అరవాల్నా ఏంది?" అంది అమ్మ. "పోనీ తీయి బిడ్డా, నచ్చకుంటే ఇంట్ల కూసో."

"నచ్చకపోవడం కాదమ్మా."

"మరి నచ్చితే మాట్లాడు. నాతోని మాట్లాడ్తలేవా?"

ఆ తర్వాత తను నేల మీద చీర ముక్కలు పరవడం మొదలుపెట్టింది. బొంత కుట్టేముందు అమ్మ అలాగే చేసేది. సూది ముట్టుకునే ముందు ముక్కలన్నీ నేల మీద పేర్చి, ఎర్రదాని పక్కన పసుపుది పెట్టి, మళ్లీ తీసి, తల వంచి చూసి, ఇంకోటి పెట్టి, అలా చాలాసేపు. ఎన్నోసార్లు చూసిందే. అయినా ఆ సాయంత్రం దారం పట్టుకుని కూర్చున్నదాన్ని కన్ను తిప్పుకోలేకపోయాను. తర్వాత ఏ ముక్క పెడుతుందా అని చూడటంలో నా దిగులు కూడా మర్చిపోయాను.

మర్నాడు బడికి పాత వార్తాపత్రికలు, ఒక పాత కేలండరు, గిన్నెలో మైదా ఉడికించిన జిగురు పట్టుకెళ్లాను. బోర్డు వైపు వెళ్లలేదు. తరగతి మధ్యలో నేల మీద కూర్చుని, కేలండరు తిరగేసి పరిచి, కాగితాలు చింపి పేర్చడం మొదలుపెట్టాను. ఒక ముక్క పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి. చుట్టూ గోల జరుగుతూనే ఉంది. కాసేపటికి నా భుజం వెనక ఎవరో వంగారు.

"ఏం జేస్తుండ్రు టీచర్?"

పాలాయన కూతురు. తరగతిలో అందరికంటే పెద్ద నోరు ఆ పిల్లది. నేను ఇంకో ముక్క పెట్టాను.

"ఇల్లు గదా? గా పక్కకు పెట్టకుండ్రి టీచర్, ఇల్లు కూలుతది."

"కూలదు. అది మెట్లు," అన్నాడు ఇంకొకడు.

"మెట్లు గిట్లుంటయా? నీ మొగం లెక్కుంటయా?"

ఎప్పుడు చుట్టూ చేరారో తెలియదు. నేను తల ఎత్తేసరికి తరగతి మొత్తం నేల మీద, నా చుట్టూ, ఊపిరి తగిలేంత దగ్గరగా ఉంది. అంత దగ్గరగా ఉన్నవాళ్లకు వినపడటానికి గొంతు పెంచనక్కర్లేదు. "ఈ గోడ ఎంత పొడుగుండాలి?" అన్నాను. నా మాట నాకే కొత్తగా వినిపించింది. ఎవరో స్కేలు తెచ్చారు.

అలా మొదలైంది. పిల్లలే దానికి కాగితపు బొంత అని పేరు పెట్టారు.

అక్షరాల దగ్గరికి వచ్చినప్పుడు ఒక చిక్కు వచ్చింది. బొమ్మల కింద పేర్లు చేతితో రాయకుండా, వార్తాపత్రికల్లోంచి అక్షరాలు కత్తిరించి అతికిద్దామన్నాను. తెలుగు చదవడం మర్చిపోయినవాళ్లకు అక్షరం కోసం వెతకడమే పాఠం అవుతుందని నా ఆలోచన. కత్తెర ఒక అబ్బాయి చేతికిచ్చాను. ఆఫీసు గుమాస్తా కొడుకు, తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్లు. తరగతిలో గోంగూర అనిపించుకునేవాళ్లలో అందరికంటే నెమ్మదైనవాడు. వాడు కత్తెర పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"అక్షరాల్ని కత్తిరించకూడదండీ టీచర్ గారూ. సరస్వతికి కోపం వస్తుందండీ."

పాలాయన కూతురు నడుము మీద చేతులు పెట్టుకుంది. "అరె గోంగూరా, పేపరు మీద మిర్చిబజ్జీలు తింటవ్ గదా. అప్పుడు రాదా కోపం?"

"తిన్నాక కళ్లకద్దుకునే పారేస్తాను."

"నూనె కండ్లల్ల పడదా?"

అందరూ నవ్వారు. వాడి ముఖం ఎర్రబడింది గానీ కత్తెర మాత్రం తెరవలేదు. మిగతావాళ్లు కూడా నవ్వు ఆపి తమ చేతుల్లోని కాగితాలు చూసుకున్నారు. కాలు తగిలిన పుస్తకాన్ని కళ్లకు అద్దుకోకుండా పెరిగినవాళ్లు ఆ గదిలో ఒక్కరూ లేరు. మా ఇంట్లోనూ బైబిలు చేజారితే తీసి ముద్దు పెట్టుకుంటాం. నేను ఒక ముక్క తీసి, కళ్లకు అద్దుకుని, అప్పుడు కత్తిరించాను. వాడు నా వంక చూసి, తనూ అద్దుకుని, కత్తిరించాడు. ఇక అదే పద్ధతి అయిపోయింది. ప్రతి అక్షరాన్నీ కళ్లకద్దుకుని కత్తిరించడం. దాంతో పని ఎంతో నెమ్మదిగా నడిచేది. తలలు వంగడం, చేతులు కళ్ల దాకా లేవడం, కత్తెర కిర్రుమనడం. కిటికీలోంచి చూస్తే ఏదో ప్రార్థన జరుగుతున్నట్టుండేది.

ఆ ఏడాది పత్రికల్లో కొన్ని మాటలు ఎక్కడ పడితే అక్కడ దొరికేవి. బంద్, కర్ఫ్యూ, లాఠీచార్జి, నిరవధికం. చేప అన్న మాట కోసం మాత్రం రోజుల తరబడి వెతికాం. చివరికి ఒక వంటనూనె ప్రకటనలో దొరికితే పిల్లలు కేకలు వేశారు. కొంగ దొరకనే లేదు. అప్పుడు గుమాస్తా కొడుకు, పెద్ద అక్షరాలున్న ఒక శీర్షికలోంచి కావలసినవి ఒక్కొక్కటీ ఏరి, పక్కపక్కన పెట్టి కొంగను నిలబెట్టాడు. ఆ శీర్షిక దేని గురించో మేమెవరం చదవలేదు. మిగిలిన ముక్కల్ని పాలాయన కూతురు పొయ్యిలోకని పట్టుకెళ్లింది.

చలి మొదలయ్యేసరికి మేం పెద్ద బొంతకు దిగాం. సరూర్‌నగర్ చెరువు, దాని చుట్టూ ఊరు. పాత సినిమా పోస్టర్లు కలిపి అతికించి, వెనక వైపు పైకి వచ్చేలా గదిలో సగం నేల మీద పరిచాం. ఒక మూల చంపాపేట్ నుంచి వచ్చే బాట, ఇంకో మూల కొత్తపేట తోటలు. తోటల కోసం ఎండు ద్రాక్షాకులు తెచ్చి, ఈనెలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూసి అతికించారు. కట్ట కోసం చెరువు గట్టు మీది ఎర్రమట్టే తెచ్చి జిగురులో కలిపారు. చెరువుకు మాత్రం పతంగుల కాగితం కావాలన్నారు, నీలిరంగుది. దాన్ని అగ్గిపెట్టె కొలతకు గళ్లుగా కత్తిరించాం. అడ్డంగా పన్నెండు, నిలువుగా పది. ఎక్కం రాని పిల్ల కూడా వరసలు చూపిస్తూ నూట ఇరవై అనేది.

నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయన్నదాని మీద పెద్ద తగువే జరిగింది.

"వాన పడితే నిండుతుందండీ. పైనుంచి," అన్నాడు గుమాస్తా కొడుకు.

"పైనుంచి నీ నెత్తి మీద గూడ పడ్తది. నువ్వు చెరువైనవా?" అంది పాలాయన కూతురు. "వాగులకెల్లి ఒస్తయ్ నీళ్లు. మా బర్రెలు రోజు దిగుతయ్, నాకు తెల్వదా?"

"బర్రెలు దిగితే నీళ్లు మురికవుతాయి."

"మరి గా బర్రె పాలు తాగి గదా నువ్వు గింత తెల్లగైనవ్!"

మర్నాడు ఇద్దరూ కలిసే గట్టు మీదికి వెళ్లి చూసొచ్చారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ వాడు వాగును అతికిస్తుంటే ఆ పిల్ల జిగురు గిన్నె పట్టుకుంది.

పెద్ద టీచర్ అప్పుడప్పుడు గుమ్మంలో నిలబడి చూసేవారు. గోల తగ్గిందన్నది ఆవిడకూ తెలుస్తోంది. అయినా ముఖంలో నమ్మకం కనిపించేది కాదు.

"ఇదేం పీరియడమ్మా? లెక్కలా, సైన్సా, బొమ్మలా?"

"అన్నీనండీ," అన్నాను.

"అన్నీ అంటే ఇన్‌స్పెక్టర్ గారు ఊరుకోరు. టైంటేబుల్ చూస్తారాయన. ఆ వేళ నువ్వు నేల మీద కూర్చుంటే కుదరదు. నిలబడి చెప్పాలి. నా మాట గుర్తుంది కదా?"

గుర్తుంది. గుర్తులేని పూట లేదు. నేల మీద, పిల్లల మోకాళ్ల మధ్య కూర్చున్నప్పుడు వచ్చే మాట, లేచి నిలబడగానే ఎక్కడికి పోతుందో నాకు అర్థమయ్యేది కాదు. నిలబడి చూసుకున్నాను కూడా, పిల్లలు వెళ్లిపోయాక, ఖాళీ గదిలో. ఖాళీ గదిలో బాగానే వచ్చేది.

ఇన్‌స్పెక్టర్ రేపు వస్తారనగా, ఆ సాయంత్రం బొంతను వరండా గోడకు అతికించాం. ఆయన మెట్లెక్కగానే కనిపించాలని పిల్లల కోరిక. దాన్ని చూసి ఆయన నన్ను ఏమీ అడక్కుండా లోపలికి వెళ్లిపోతే బాగుండునని నాది. జిగురు నేనే ఇంట్లో ఉడికించి తెచ్చాను. ఉడికిస్తుంటే అమ్మ వెనక నిలబడి, "జర మైలుతుత్తం కలుపు బిడ్డా," అంది. గోడలకు కాగితాలు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా జిగురులో ఆ నీలం పొడి కలుపుతారు. అది విషం. మా పిల్లలు జిగురు అంటిన వేళ్లు నాకుతారు, వద్దన్నా నాకుతారు. అందుకని నేను కలపలేదు. గోడ నిండా బొంత పరుచుకున్నాక అందరం వెనక్కి జరిగి చూశాం. పొద్దు వాలుతున్న వెలుగులో పతంగుల కాగితం నిజంగానే తడిగా మెరిసింది.

పొద్దున మంచు ఉంది. బడి దగ్గరికి వస్తుంటే వరండా ముందు పిల్లలు గుంపుగా కనిపించారు. గోడ మీద చంపాపేట్ బాట ఉంది, కట్ట ఉంది, కొత్తపేట తోటలు ఉన్నాయి. చెరువు ఉన్నచోట తెల్లటి సున్నం గోడ, దాని మీద తడి నాలుక గీసిన చారలు. కింది మూలన కొన్ని నీలం గళ్లు మిగిలాయి. వరండా కింద పేడ.

ఈ ఊళ్లో సినిమా పోస్టర్లను పశువులు గోడల మీద నుంచి నాకి తినడం చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్నే. మైదా గంజి రుచికి వస్తాయి. మైలుతుత్తం ఉన్న జిగురైతే వాసన చూసి వదిలేస్తాయి. నాకు పిల్లల వేళ్లు గుర్తున్నాయి, బర్రె నాలుక గుర్తులేదు.

"టీచర్, బర్రె చెరువును తాగింది!" అన్నాడు ఒకడు. ఎవరూ నవ్వలేదు.

"ఎవల బర్రె?"

"ఎవలదుంటది? పాలోల్లదే. పొద్దుగాల తాడు తెంపుకున్నదంట."

"మీ బర్రె నాలుగో తరగతి పాసైందే!" అని ఎవరో గేటు వైపు చూస్తూ అరిచారు. పాలాయన కూతురు అక్కడే ఉంది. లోపలికి రావడం లేదు. గౌను అంచు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆ గళ్లలో ఎక్కువ భాగం తను అతికించినవే.

అప్పుడే రిక్షా ఆగింది. మఫ్లరు చుట్టుకున్న ఇన్‌స్పెక్టర్ దిగారు. పెద్ద టీచర్ ఎదురు వెళ్లి, గోడ చూసి, ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. తర్వాత ఆయన్ని మర్యాదగా లోపలికి తీసుకెళ్లి ఒకటో తరగతి నుంచి చూపించడం మొదలుపెట్టారు. నేను పిల్లల్ని లోపల కూర్చోబెట్టాను. పాలాయన కూతురు మాత్రం గేటు దగ్గరే ఉండిపోయింది.

ఆయన మా గదికి వచ్చి, తలుపు మీది టైంటేబుల్ చదివారు. "లెక్కల పీరియడ్. శురూ చేయుండ్రి," అన్నారు. కుర్చీ తెచ్చి వెనక వేశారు. పెద్ద టీచర్ గుమ్మంలో నిలబడ్డారు.

నేను బోర్డు ముందు నిలబడ్డాను. దారిలో అనుకుంటూ వచ్చిన భిన్నాల పాఠంలోని మొదటి వాక్యం నా నాలుక మీద ఉంది. అది బయటికి రాలేదు. పిల్లలందరూ ఇటు చూశారు, ఆ ఒక్క క్షణం. పెద్ద టీచర్ చీర కొంగు సరిచేసుకోవడం కనిపించింది. ఇక అయిపోయిందనుకున్నాను. తలుపులోంచి దూరంగా గేటు, దాని పక్కన ఆ పిల్ల.

ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. గదిలోంచి నడిచి బయటికి వెళ్లిపోయాను. గేటు దాకా వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకొచ్చి, తనతో పాటు నేల మీద కూర్చున్నాను. నేను కూర్చుంటే చుట్టూ చేరడం పిల్లలకు అలవాటు. అందరూ బయటికి వచ్చి చుట్టూ చేరారు. వాళ్ల వెనక ఇన్‌స్పెక్టర్, ఆయన వెనక పెద్ద టీచర్.

"ఏమ్మా, ఇది లెక్కల పీరియడ్ గదా?"

"లెక్కలేనండీ," అన్నాను. పిల్లల వైపు తిరిగి అడిగాను. "నిన్న ఇక్కడ ఎన్ని గళ్లున్నాయి?"

"నూట ఇరవై!"

"ఇప్పుడు ఎన్ని మిగిలాయో ఎవరు లెక్కపెడతారు?"

గుమాస్తా కొడుకు గోడకు ముక్కు ఆనించి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు వచ్చింది. "ఏమంటుండ్రు, జర గట్టిగ చెప్పుండ్రి. నాకు వినొస్తలేదు."

పక్కనున్న పాలాయన కూతురు ముక్కు తుడుచుకుని, తల వెనక్కి తిప్పి అంది:

"మాకు వినొస్తది సార్. మీరు సప్పుడు చేయకుంటె మీకు గూడ వినొస్తది."

పెద్ద టీచర్ "అయ్యో, నోర్ముయ్!" అన్నారు. ఆ మాట రోడ్డు దాకా వినిపించి ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ మాత్రం ఆ పిల్లను కాసేపు చూసి, మఫ్లరు చెవుల మీది నుంచి కిందికి లాక్కుని, పిల్లల మధ్యలోంచి చోటు చేసుకుంటూ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ముప్పై ఉన్నాయండీ," అన్నాడు గుమాస్తా కొడుకు.

"అయితే చెరువులో ఎంత భాగం మిగిలింది?"

వేళ్లు, గొణుగుళ్లు, సున్నం గోడ మీద బొగ్గుతో గీతలు. పావు అన్నది ముందు ఎవరో నాకు గుర్తులేదు. "మరి బర్రె ఎంత తిన్నట్టు?" అంటే, "ముప్పావు చెరువు," అంది పాలాయన కూతురు తల వంచుకుని. అప్పటికి నవ్వు వచ్చింది అందరికీ, తనకు కూడా. ఆ నవ్వులోంచి ఇన్‌స్పెక్టర్ తనే అడగడం మొదలుపెట్టారు. ఈ వాగు ఎక్కడి నుంచి వస్తుంది, ఈ ఆకు ఈనెలు ఇట్ల ఎందుకున్నయ్, ఈ కొంగ అక్షరాలు ఎక్కడివి. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ చెప్పారు. నేను అడిగినవి మూడో నాలుగో మాటలు. ఎండ వరండాలోకి వచ్చేదాకా అక్కడే ఉన్నాం. లేచేటప్పుడు కాళ్లు తిమ్మిరెక్కి ఆయన ఒక పిల్లవాడి భుజం పట్టుకున్నారు.

ఆయన వెళ్లాక పెద్ద టీచర్ మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. పాఠం నిలబడి చెప్పలేదు, నోరు విప్పమంటే గది వదిలి వెళ్లిపోయాను. ఆవిడ చెప్పిన షరతు ప్రకారం నేను ఓడిపోయాను. అది నాకు తెలుసు. పిల్లల్ని పంపించి, జిగురు గిన్నె కడిగి, పుస్తకాలు సంచిలో సర్దుకుంటున్నాను. ఆవిడ వచ్చి బల్ల అంచు మీద కూర్చున్నారు.

"ట్రైనింగ్ అయిన పిల్లేనా అని అడిగారాయన. కాలేదండీ అన్నాను. అయితే ఇప్పుడే చేయించకండి అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో నాకైతే తెలియలేదు."

నేను సంచి పట్టుకుని నిలబడ్డాను.

"నేను ముప్పైయేళ్లుగా అరుస్తున్నానమ్మా. ఇవాళ ఆ పిల్లల్ని చూశాను. నువ్వు మాట్లాడబోతుంటే ఊపిరి బిగబట్టుకుంటున్నారు. క్లాసు నీ దగ్గరే ఉంచుకో. ఊరికే దిగులుపడకు, జిగురులో కాస్త మైలుతుత్తం కలుపు."

"పిల్లలు నాకుతారండీ."

"అయితే లోపలి గోడకి అంటించు!" అన్నారు ఆవిడ. ఈసారి కూడా గొంతు రోడ్డు దాకా వెళ్లింది.

మర్నాడు ఒంటిపూట బడి. చెరువును మళ్లీ అతికించాలి కదా, ముందు ఒకసారి సరిగా చూద్దామని పిల్లల్ని గట్టు మీదికి తీసుకెళ్లాను. మంచు ఇంకా విడలేదు. నీళ్లెక్కడ ఆగిపోయి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. ఎక్కడో మధ్యలో ఒక తెప్ప, దాని మీద మనిషి, గాలిలో నిలబడినట్టు. గుమాస్తా కొడుకు నీలం పతంగు కాగితం ఒకటి తెచ్చాడు. దాన్ని కళ్ల ముందు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసుకుని, నీళ్లతో పోల్చి చూశాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు.

"ఈ నీళ్లలో నీలం లేదండీ టీచర్ గారూ."

"నేను ఎప్పుడో చెప్పిన," అంది పాలాయన కూతురు. "పొద్దుగాల తెల్లగుంటది. ఎండొస్తె పచ్చగైతది. మా బర్రెలు దిగినంక నల్లగైతది. పొద్దుగూకితె ఎర్రగ. ఏ రంగు కాగితం దేవాలె టీచర్?"

పిల్లలందరూ ఇటు తిరిగారు. నేను గట్టు మీద నిలబడే ఉన్నాను.

"అన్నీ తేండి," అన్నాను.